ఎర్తు లేని ఇంటికి యుపిఎస్

మా బావ, అంటే మా అక్క మొగుడు, పాల్వంచలో కరెంటు తయారయ్యే చోట పనిచేసేవాడు. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తాగకముందే ఆ మాట చెప్పేవాడు. అక్కడ ఏం పని అని అడిగితే మాత్రం మాట మార్చేవాడు. ఆయన పని బొగ్గు లారీలు లోపలికి వచ్చిన వేళ, బయటికి పోయిన వేళ రిజిస్టరులో రాయడం. ఇరవై ఏళ్లకు పైగా ఆ గేటు దగ్గర కూర్చున్నాడు కాబట్టి కరెంటు గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఆయన నమ్మితే పోనీ అనుకోవచ్చు. మేమూ నమ్మాం. నాకు ఇప్పటికీ సిగ్గనిపించేది అదే.

మేం అప్పుడు జూలూరుపాడులో కొత్తగా ఇల్లు కట్టుకుని ఉన్నాం. మా ఆయన బడిపంతులు. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ సాయంత్రానికే రావడం. నేను ఖమ్మంలో మూడు నెలలు డీటీపీ నేర్చుకుని, ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని తెలుగు టైపు చేసేదాన్ని. పెళ్లి పత్రికలు, పరీక్ష పేపర్లు, ఆఫీసులకు పెట్టుకునే అర్జీలు. చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు టైపు చేసే మనిషి నేనొక్కదాన్నే కావడంతో పనికి కొదవ లేదు.

కొదవ కరెంటుకే. చెప్పి తీసేది ఒకటి, చెప్పకుండా పోయేది ఒకటి. ఉన్నప్పుడైనా కుదురుగా ఉండేది కాదు. మిరపతోటలకు నీళ్లు పెట్టే వేళకు మోటార్లన్నీ ఒక్కసారి మొదలయ్యేవి, మా బల్బు పసుపు రంగుకు తిరిగేది. అవి ఆగగానే కళ్లు జిగేలుమనేలా వెలిగేది. కంప్యూటరు డబ్బాను చేత్తో ముట్టుకుంటే జివ్వుమనేది. ఒకసారి బావకు చూపించాను. ఆయన వేలితో తాకి, తల ఊపి, "మంచి మిషనే మరదలా. పవర్ మస్తున్నది దీంట్ల" అన్నాడు. నేను సంతోషించాను. అంత తెలివి నాది.

పెళ్లి పత్రిక సగంలో పోతే మళ్లీ కొట్టుకునేదాన్ని. ముహూర్తం, వేదిక, బంధువుల పేర్లు, అంతే కదా. అసలు సంగతి రెండువేల ఎనిమిదిలో మొదలైంది. అడవిలో పోడు చేసుకుంటున్న వాళ్లకు హక్కు పత్రాలు ఇచ్చే చట్టం వచ్చి, ఊరూరా కమిటీలు వేసి, ఎవరు ఎక్కడ ఎంత దున్నుకుంటున్నారో రాయించుకుంటున్న రోజులవి. ఒకరోజు మోటారు వైండింగ్ మేస్త్రీ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన కోయ ఆయన. నలభై ఏళ్లుంటాయి. బస్టాండు పక్కన చిన్న షెడ్డులో కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టేవాడు. వాళ్ల గూడెం అడవిలోకి ఆరేడు మైళ్లు. ఆ గూడెం కమిటీకి కార్యదర్శి కూడా ఆయనే.

"మేడమ్, మా గూడెపోళ్ల పేర్లు, భూములు టైపు చేసియ్యాలె. చేతిరాత కాయితమైతే ఆఫీసుల ఎక్కడనో పడేస్తరు. టైపు చేస్తే జర విలువుంటది" అన్నాడు.

చేతిలో ఉన్న కాగితాల్లో పేర్లు, విస్తీర్ణం మాత్రమే ఉన్నాయి. ప్రతి భూమికీ నాలుగు దిక్కుల హద్దులు కూడా కావాలట. అవి రాసి లేవు, మనుషుల నోట్లోనే ఉన్నాయి. అందుకని రెండు వారాలకు పైగా రోజూ పదిమంది, పదిహేనుమంది వచ్చి మా వరండాలో కూర్చునేవారు. తూర్పున వాగు, పడమర తునికిచెట్ల గుట్ట, ఉత్తరాన ఫలానా వాళ్ల జొన్నచేను అని వాళ్లు చెబుతుంటే నేను కొట్టేదాన్ని. కొందరు కోయలో చెబితే మేస్త్రీ తెలుగులో చెప్పేవాడు. కూలి మానుకుని నడిచి వచ్చేవాళ్లు. వాళ్లను చూశాక, కరెంటు పోతే ఈ పని పోకూడదని గట్టిగా అనుకున్నాను. ఆ మాటే మా ఆయనతో అంటే, "మీ బావను అడుగుదాం" అన్నాడు.

బావ ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో దిగాడు. నన్ను వెంటబెట్టుకుని ఖమ్మంలో ఇన్వర్టర్ల కొట్టుకు తీసుకుపోయాడు. కొట్టాయన బల్ల అవతల పళ్లు కుట్టుకుంటూ కూర్చుని ఉన్నాడు. వెనక గోడ పొడుగునా బ్యాటరీలు.

"ఇంట్ల ఏమేమున్నయ్ అన్నా?" అని అడిగాడు. నన్ను కాదు, బావను.

"టీవీ, రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు. ఒక కంప్యూటరు గూడ."

"గట్లయితే ఇన్వర్టరు పెట్టాలె. మూడు గంటలు ఎదురే లేదు."

"పెద్ద బ్యాటరీ ఇయ్యి. నేను కరెంటు పుట్టే కాడ పనిచేసేటోణ్ణి. నాకు చిన్నవి చూపియ్యకు."

ఆ మాటతో కొట్టాయన కళ్లల్లో వెలుగు నేను చూశాను. కొట్టులో అన్నింటికన్నా పెద్దది బయటికి వచ్చింది. ఇద్దరు మోస్తే గాని కదలలేదు.

"కరెంటు పోయినప్పుడు కంప్యూటరు ఆగకుండా ఉంటుందా?" అని అడిగాను.

కొట్టాయన బావ వైపు చూసి నవ్వాడు. బావ కొట్టాయన వైపు చూసి నవ్వాడు. "ఫ్యాను ఆగదు, టీవీ ఆగదు. కంప్యూటరెందుకు ఆగుతది మరదలా" అన్నాడు బావ. అది జవాబు కాదని నాకు తెలుసు. ఇంకోసారి అడగడానికి మొహమాటపడ్డాను. ఆడమనిషి కొట్టులో రెండోసారి అదే ప్రశ్న వేస్తే బావగారి పరువు ఏమవుతుందోనని ఆలోచించాను. ఆయన పరువును కాపాడినంత శ్రద్ధగా నా పనిని కాపాడుకోలేదు.

ఆ బ్యాటరీ ఇంటికి వచ్చిన రోజు కొత్త కారు వచ్చినంత హడావుడి. అక్క పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, బంతిపూల దండ వేసింది. బావ కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్లు తీగల మీద పడకుండా నేనే గిన్నె అడ్డం పెట్టాను. ఇరుగుపొరుగు వాళ్లు చూడవచ్చారు. బావ వాళ్ల ముందు నిలబడి, తను ఎలా ఎంచాడో, కొట్టాయన ఎలా మోసం చేయబోయాడో, తను ఎలా పట్టుకున్నాడో చెప్పాడు. అలాంటిదేమీ జరగలేదని నాకు తెలుసు. అయినా ఊరుకున్నాను.

తర్వాత, "ఇప్పుడు చూడుండ్రి" అని మెయిన్ స్విచ్చి కిందికి లాగాడు.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. లైటు వెలుగుతూనే ఉంది. కంప్యూటరు తెర నల్లబడి, మళ్లీ మొదటి నుంచి లేవడం మొదలుపెట్టింది.

బావ మళ్లీ ఆన్ చేసి మళ్లీ ఆఫ్ చేశాడు. మళ్లీ అదే. మూడోసారి చేయబోతుంటే నేనే చేయి అడ్డం పెట్టాను.

"ఇన్వర్టరుల ఏం లోపం లేదు" అన్నాడు బావ, నడుం మీద చేతులు పెట్టుకుని. "నీ కంప్యూటరే లోకల్ మాల్."

వచ్చిన వాళ్లంతా అవునన్నట్టు నా కంప్యూటరు వైపు జాలిగా చూశారు. ఇన్వర్టరు అందుకునేలోపు కరెంటు ఆగే రెప్పపాటును ఫ్యాను పట్టించుకోదు, కంప్యూటరు ఓర్చుకోలేదని నాకు తర్వాత గాని తెలియలేదు. ఆ తర్వాత ఆ ఇన్వర్టరుతో తిరిగే ఫ్యాను కింద చల్లగాలికి కూర్చుని బావ టీవీ చూశాడు, భోజనం చేశాడు, మధ్యాహ్నం నిద్ర కూడా పోయాడు. ఆయన వరకూ అది దివ్యంగా పనిచేసింది.

నేను పాత పద్ధతిలోనే, రెండు లైన్లు కొట్టి ఒకసారి భద్రం చేసుకుంటూ పని సాగించాను. నూట ఎనభై కుటుంబాల వివరాలు పూర్తయ్యాయి. ఇంకా ముప్ఫై ఉన్నాయి. అన్నీ అయ్యాక ఒకేసారి ప్రింటు తీద్దామనుకున్నాను. ఒక మధ్యాహ్నం బల్బు మసకబారింది, ఒక్కసారి భగ్గుమంది, మళ్లీ మసకబారింది. ఇన్వర్టరు టక్కుమంటూ ఆన్ అవుతోంది, ఆఫ్ అవుతోంది. ప్రతిసారీ కంప్యూటరు చచ్చి లేస్తోంది. నేను పరిగెత్తి ప్లగ్గు లాగేలోపే లోపల నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. ఆ తర్వాత అది లేవలేదు. కొత్తగూడెం తీసుకుపోతే అక్కడ కంప్యూటర్లు రిపేరు చేసే ఆయన డబ్బా విప్పి చూసి, "హార్డ్ డిస్క్ పోయిందమ్మా. లోపలున్నవి రావు" అన్నాడు. ఫ్లాపీల్లో దాచిన కాపీలు పెట్టి చూస్తే, అవి తడి పట్టి తెల్లటి మచ్చలు పడి ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు.

బావకు ఫోన్ చేశాను. "చెప్పిన గద, మాల్ మంచిది గాదని" అన్నాడు.

మేస్త్రీకి చెప్పాల్సింది నేను. షెడ్డు దాకా వెళ్లి, బయట రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, లోపలికి పోయాను. ఆయన ఒక మోటారు ఒడిలో పెట్టుకుని కాలిన తీగ ఊడదీస్తున్నాడు. "అన్నా, మీవాళ్లు చెప్పిందంతా పోయింది" అన్నాను.

ఆయన తీగ పక్కన పెట్టి, ఒడిలోని మోటారు నేల మీద దించాడు. కోపం వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. తిడితే బాగుండుననుకున్నాను.

"ఎట్ల పోయింది?" అని అడిగాడు చివరికి.

జరిగింది చెప్పాను. బల్బు భగ్గుమనడం, డబ్బా ముట్టుకుంటే జివ్వుమనడం కూడా చెప్పాను. ఆయన లేచి, రెండు తీగలు తగిలించిన ఒక బల్బు హోల్డరు, ఒక మీటరు సంచిలో వేసుకున్నాడు.

"పాండ్రి. మీ ఇంట్ల కరెంటు జూస్త."

మా ముందుగదిలో మూడు రంధ్రాల ప్లగ్గు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కింది రెండు రంధ్రాల్లో తీగలు పెట్టాడు. బల్బు వెలిగింది. ఒక తీగ తీసి పైన ఉన్న పెద్ద రంధ్రంలో పెట్టాడు. వెలగలేదు. బోర్డు విప్పాడు. ఆ పెద్ద రంధ్రం వెనక తీగే లేదు. ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసినవాడు చూడ్డానికి బాగుంటుందని మూడు రంధ్రాల ప్లగ్గులు బిగించి, మూడోదానికి ఏమీ కలపకుండా పోయాడు. గృహప్రవేశం నాడు ఆ బోర్డులు చూసి మేం మురిసిపోయాం కూడా.

"మేడమ్, మీ ఇంటికి ఎర్తే లేదు" అన్నాడు మేస్త్రీ. "మీరు అన్నరు జూడుండ్రి, జివ్వుమంటదని. గది భూమిల్కి పోవాల్సింది. పోయే తొవ్వ లేక డబ్బాల కూసున్నది."

మీటరు పెట్టి చాలాసేపు చూశాడు. నన్నూ చూడమన్నాడు. ఉండాల్సింది రెండొందల ముప్ఫై వోల్టులట; ముల్లు నూట అరవై దగ్గర ఊగుతూ, ఒక్కోసారి రెండొందల ఎనభై దాకా ఎగిరిపడుతోంది.

"గిది మోటార్ల వల్లనే గాదు. స్తంభం కాడ న్యూట్రల్ తీగ ముడి లూజున్నట్టున్నది. గిట్లాంటి కరెంటుకు ఏ డబ్బా దెచ్చి పెట్టినా గాలుతది. నా కాడికొచ్చేటోళ్లు గూడ గంతే. మోటారు గాలంగనే కొత్త మోటారు దెస్తరు, ఎందుకు గాలిందో అడగరు."

బావ అడగనిది, కొట్టాయన అడగనిది, మా ఆయన అడగనిది అదొక్కటే. మా ఇంట్లో కరెంటు ఎలా ఉంది? ఇంట్లో ఎన్ని ఫ్యాన్లున్నాయని మాత్రం అందరూ అడిగారు.

మీటరు మా ఇంట్లోనే వదిలిపోయి, వారం పాటు రోజుకు నాలుగుసార్లు చూసి కాగితం మీద రాయమన్నాడు మేస్త్రీ. రాశాను. లైన్‌మన్‌ను ఆయనే వెంటబెట్టుకొచ్చాడు. స్తంభం మీద మా ఇంటికి వచ్చే తీగ ముడి కాలి నల్లబడి ఉంది, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. అది మార్చారు. పెరట్లో బట్టలుతికే బండ పక్కన, ఎప్పుడూ తడిగా ఉండే చోట, నా కన్నా లోతు గొయ్యి తవ్వించి, ఇనప పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పోశాడు. అక్కడి నుంచి ముందుగదికి తీగ లాగాడు. ఈసారి పెద్ద రంధ్రంలో పెట్టినా బల్బు వెలిగింది.

ఆ ఆదివారం బావ వచ్చి గొయ్యి పూడ్చిన చోట చెప్పుకాలితో తట్టి, "గీ ఉప్పు, బొగ్గు ఏంది? చేతబడి చేసినట్టు. మోటార్లు చుట్టేటోడికి కంప్యూటర్ సంగతి ఏం దెలుస్తది" అన్నాడు.

"బొగ్గు లారీలు లెక్కపెట్టేవాళ్లకు తెలిసినంత తెలుస్తుంది బావా" అన్నాను.

అక్క కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. బావ ఆ రోజు టీవీ కూడా చూడకుండా వెళ్లిపోయాడు. నెలరోజులు మాట్లాడలేదు. ఆ నెల ఎంత ప్రశాంతంగా గడిచిందో చెప్పలేను.

ఈసారి కొత్తగూడెం నేను ఒక్కదాన్నే వెళ్లాను, వారం రోజుల అంకెలు రాసిన కాగితంతో. కొట్టులో కుర్రాయన యుపిఎస్ అట్టపెట్టెలు వరుసగా పేర్చి, పైన రాసిన అంకెలు చదవడం మొదలుపెట్టాడు.

"కరెంటు ఎంత కిందికి పడితే ఇది బ్యాటరీ మీదికి పోతుంది?" అని అడిగాను.

"గవన్నీ మీకెందుకు మేడమ్. కంప్యూటర్‌కు పెట్టుకునేది గిదే. అందరు గిదే తీస్కపోతున్నరు."

"మోటార్లు నడిచేటప్పుడు మా ఇంట్లో ఇప్పటికీ నూట అరవైయే ఉంటుంది. దీనికి అది చాలకపోతే అంతసేపూ బ్యాటరీ మీదే నడుస్తుంది. అసలు కరెంటు పోయేసరికి అందులో ఏమీ మిగలదు. అవునా కాదా?"

ఆయన అట్టపెట్టె తిప్పి, వెనక సన్నటి అక్షరాలు మొదటిసారిగా చదివాడు. "అవ్, గట్లనే అయితది" అన్నాడు నెమ్మదిగా.

"అయితే మీ కంప్యూటరుకే తగిలించండి. నేను ప్లగ్గు లాగి చూస్తాను."

"షాపుల కంప్యూటరు మేడమ్, బిల్లులున్నయ్ అందుల."

"నా కంప్యూటరులోనూ ఉండేవి."

కాసేపు తటపటాయించి, బిల్లులు భద్రం చేసుకుని, తగిలించాడు. ప్లగ్గు లాగాను. తెర నల్లబడి మళ్లీ మొదటి నుంచి లేచింది. అందరూ తీసుకుపోతున్నది అది. కుర్రాయన ముఖం చూడాలి. ఇంకొకటి తగిలించాడు. తక్కువ కరెంటును లోపలే పెంచుకునే రకం, నూట నలభై దాకా బ్యాటరీ జోలికి పోదని పెట్టె మీద ఉంది. ప్లగ్గు లాగితే కూ అని ఒక కూత పెట్టింది, అంతే. తెర మీది అక్షరం కదలలేదు. పావుగంట పైన నడిచింది. నాకు మూడు గంటలు ఎందుకు? చేస్తున్నది భద్రం చేసి, మర్యాదగా ఆపడానికి పావుగంట చాలు.

"ప్రింటర్ గూడ దీనికే పెట్టుకోవచ్చు మేడమ్" అన్నాడు బయటికి వస్తుంటే.

"లేజరు ప్రింటరు పెడితే ఆ బరువు మోయలేక ఇది కూర్చుంటుంది. మేస్త్రీ చెప్పాడు" అన్నాను. ఏ మేస్త్రీ అని అడగలేదు పాపం.

కొత్త హార్డ్ డిస్క్ వేయించాను. మేస్త్రీ గూడెంలో చెప్పి వచ్చాడు. వాళ్లు మళ్లీ రావాల్సి వచ్చిందనే నా బాధ. వచ్చారు. మొదటిసారి వచ్చినప్పుడు పత్తి ఏరే పని మీద ఉండి ఆడవాళ్లు రాలేదు, మగవాళ్లే అందరి తరఫునా చెప్పిపోయారు. ఈసారి ఏరుడు అయిపోవడంతో ఆడవాళ్లూ వచ్చి వరండా నిండా కూర్చున్నారు.

మూడో రోజున, నేను ఒక పేరు చదివి హద్దులు అడుగుతుంటే, వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒక మనిషి కోయలో ఏదో అంది. వరండాలో మాటలు ఆగిపోయాయి. ముందు వరుసలో ఉన్న ఒకతను వెనక్కి తిరిగి గట్టిగా జవాబు చెప్పాడు. ఆమె మళ్లీ అంతకన్నా నెమ్మదిగా అంది. నేను మేస్త్రీ వైపు చూశాను.

"గా భూమి ఆమెదంటున్నది" అన్నాడు. "ఆమె పెనిమిటి సచ్చిపోయి నాలుగేండ్లయితాంది. పోయినసారి మరిది తన పేరు మీద రాయించిండట."

"నిజమేనా?"

మేస్త్రీ ముందు వరుసలో గట్టిగా మాట్లాడిన ఆ మరిది వైపు చూశాడు. మరిది ఆయనకు దగ్గరి చుట్టమని తర్వాత తెలిసింది. "దున్నుతున్నది ఆమెనే. నేను జూస్తనే ఉన్న" అన్నాడు.

ఆమెను దగ్గరికి రమ్మని కుర్చీ వేశాను. కుర్చీలో కూర్చోలేదు, పక్కన నిలబడి తన పేరు చెప్పింది. హద్దులు ఎవరి సాయం లేకుండా తెలుగులోనే చెప్పింది. తూర్పు, పడమర అనలేదు. పొద్దు పొడిచే దిక్కు వాగు, పొద్దు గూకే దిక్కు ఇప్పచెట్టు, అని చెప్పింది. చెబుతుండగానే కరెంటు పోయింది. యుపిఎస్ డబ్బా కూ అంది. ఆమె ఉలిక్కిపడి ఆగింది. "చెప్పమ్మా, ఏం కాదు" అన్నాను. చెప్పింది. పూర్తిగా కొట్టి, భద్రం చేసి, అప్పుడు ఆపాను. మరిది లేచి బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

ఆ రోజే నాకు ఒక సంగతి తట్టింది. డిస్కు కాలిపోకుండా ఉండి ఉంటే, ఆ భూమి మరిది పేరు మీద నీటుగా ప్రింటై, మూడు కాపీలుగా ఆఫీసుకు వెళ్లి ఉండేది. ఆ టైపు నేనే చేసి ఉండేదాన్ని. ఎవరు దున్నుతున్నారని నేనూ అడగలేదు. చెప్పింది చెప్పినట్టు కొట్టాను. బావను, కొట్టాయనను అంత వెక్కిరించినదాన్ని, నా ముందు కూర్చున్న మగవాళ్లను మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

రెండువందల పది కుటుంబాల జాబితా పదకొండు రోజుల్లో పూర్తయింది. ఏ రోజు పని ఆ రోజే ప్రింటు తీసి మేస్త్రీ చేతికి ఇచ్చాను. ఆయన వాటిని మోటారు తీగలు దాచుకునే రేకు పెట్టెలో పెట్టుకుపోయి, చివరికి అన్నీ కలిపి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, ఆ సంతకం కాగితం నాకు తెచ్చి చూపించాడు.

హక్కు పత్రాలు అంత తొందరగా ఏమీ రాలేదు. కొలతలకు మనుషులు వచ్చారు, వెళ్లారు, మళ్లీ వచ్చారు. గూడెంలో సగం మందికి పైగా వచ్చాయి, అవీ అడిగినదాని కన్నా తక్కువ విస్తీర్ణానికి. మిగతావాళ్లవి ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. మరిదికి ఎదురు చెప్పిన ఆమెకు వచ్చింది. రెండెకరాల చిల్లర. ఆ కాగితానికి ప్లాస్టిక్ కవరు వేయించడానికి జూలూరుపాడు వచ్చి, మా ఇంటి ముందు ఆగింది. నేను చదివి వినిపించాను. పేరు సరిగ్గానే ఉంది. పడమటి హద్దు దగ్గర ఇప్పచెట్టు అని లేదు, ప్రభుత్వ అడవి అని ఉంది.

"గా చెట్టు మాదే" అంది.

"కాగితంలో అలా రాయలేదమ్మా."

"రాయకపోతేంది. పూలు మేమే ఏరుకుంటం" అని, కవరును కొంగులో చుట్టుకుని, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.